అంచు చూపించిన గుడ్డ

నాలుగేళ్లుగా ఇంజనీరమ్మ ఈ ఒక్క పొద్దు కోసమే కాచుకుని ఉంది. ఎదురుగా కంకర పరిచి చదును చేసిన కొత్త రోడ్డు. పక్కన ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్న కాంట్రాక్టరు. ఆ నవ్వే ఆమె అన్నయ్య కొంప ముంచింది.

అప్పట్లో అన్నయ్య ఇతని దగ్గరే మేస్త్రీ. బురద నేల మీద రోడ్డు వేయాలంటే ముందు జియో గుడ్డ పరవాలి. అది లేకపోతే కంకర బురదలోకి దిగిపోతుంది, బురద పైకి తన్నుకొస్తుంది. "అంచుల్లో మూరెడు పరిస్తే చాలు, మధ్యలో ఎవడు చూడొచ్చాడు?" అన్నాడీ మహానుభావుడు. అన్నయ్య వద్దు మొర్రో అని మొత్తుకున్నాడు, చివరికి పొట్టకూటి కోసం తల వంచాడు. తొలి వానకే రోడ్డు కుంగి బస్సు బోల్తా పడింది. విచారణ కాగితంలో 'బాధ్యులు' అన్నచోట ఇతను కలం ఆపకుండా 'మేస్త్రీ' అని రాసిపారేశాడు. అంతే! ఆ తర్వాత అన్నయ్యకు పిట్టగోడ కట్టే పని కూడా ఎవరూ ఇవ్వలేదు.

"ఇదిగో మేడం, గుడ్డ!" కాంట్రాక్టరు రోడ్డు పక్కన వంగి తెల్లటి అంచు పైకి లాగాడు. "అంచు చూస్తే చీర తెలియదా ఏంటి!"

"నేను అంచు చూసి చీర కొననండీ," అంది ఇంజనీరమ్మ. పొక్లెయిన్ డ్రైవరు వైపు తిరిగింది. "నడిమధ్యన తవ్వు."

"కొత్త రోడ్డు మేడం, పాడైపోతుంది!"

"పాడయ్యేదే అయితే ఇప్పుడే కానివ్వండి. బస్సు రాకముందే."

బకెట్ మూడుసార్లు దిగింది. కంకర, దాని కింద బురద. గుడ్డ పీలిక కూడా లేదు. కాంట్రాక్టరు ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"మేస్త్రీగాడి పని మేడం! వాడే ఎగ్గొట్టుంటాడు, నాకేం తెలీదు!"

ఆమెకు కావలసింది ఆ మాటే. తనిఖీ కాగితం చేతికిచ్చింది. "ఆ మేస్త్రీ పేరే రాయండి మరి."

అతను కలం తీశాడు, రాయబోయి ఆగిపోయాడు. అలవాటు కొద్దీ నోరు జారాడు గానీ, ఈసారి మేస్త్రీ కన్నకొడుకు. టేపు పట్టుకుని రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

"నువ్వు చెప్తేనే కదా నాన్నా చేశాను," అన్నాడు కొడుకు. "నా పేరు రాస్తావా?"

"వాడి పేరొస్తే ఇంకెవడూ పనివ్వడు మేడం, బతుకు బుగ్గైపోతుంది!"

"తెలుసు. మా అన్నయ్యకూ ఎవడూ ఇవ్వలేదు." పాత విచారణ కాగితం కూడా తీసి ముందు పెట్టింది. "ఆ మేస్త్రీ చెల్లెల్ని నేను. రెండిట్లోనూ నిజం రాయండి."

కాంట్రాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు, కొడుకు ముఖంలోకి చూశాడు. రెండు కాగితాల్లోనూ తన పేరే రాశాడు. ఆఖరి అక్షరం దాకా ఆమె కళ్లార్పకుండా చూసింది. జాలి కలగలేదు సరికదా, కడుపు చల్లబడింది.

సాయంత్రం అన్నయ్య ఆ కాగితాల నకళ్లు రెండుసార్లు చదివాడు.

"మరి ఆ కుర్ర మేస్త్రీ? వాడి పేరు రాయలేదు కదా?"

"లేదన్నయ్యా."

"అయితే సరే," అని, అటక మీది తాపీ దించడానికి స్టూలు లాక్కున్నాడు.