పెత్రమాస నాడు ఆడిన మగ్గం

నా నోరు మంచిది కాదని కోరుట్లల అందరికి ఎరికే. ఇరవై ఏండ్లు జలపతిని తిట్టి తిట్టి గట్లయింది.

నలభై ఎనిమిదిల మిలిట్రీ అచ్చి నైజాం పోయినంక, రజాకార్ల మీది కోపం సాయిబులందరి మీద తీర్సుకుంటున్న దినాలు. నా మొగుడు ఇక్బాల్ దర్జీ. రజాకార్ల బట్టలు కుట్టిండు, గంతే. సంపెటోళ్లకు గది సాలదా? సిరిసిల్లల నేతపని చేసే, నన్ను అక్కా అని పిలిచే బాలకిషన్ మమ్మల్ని ఇంట్ల దాసిండు. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు ఇండ్లు ఎతుకుతున్నరని తెలిసి, ఇక్బాల్‌ను మగ్గం గుంతల కూసోవెట్టి, పైన తను కూసోని నేసిండు. ఆయన పెండ్లాం సారక్క నాకు బొట్టువెట్టి పొయ్యికాడ కూసోవెట్టింది.

పక్కింటి జలపతి గడప కాడికచ్చి, "ఇయ్యాల మగ్గమేందిరా కిషన్?" అన్నడు. ఎనుకనే కత్తులోళ్లచ్చి సీదా గుంత కాడికే పోయిండ్రు. నా కండ్ల ముందరనే ఇక్బాల్‌ను నరికిండ్రు.

జలపతే పట్టిచ్చిండనుకున్న. కోరుట్లకు పోయినంక గూడ ఏటా రంజాన్‌కు బాలకిషన్ ఇంటికి షీర్ ఖుర్మా, జలపతి ఇంటికి శాపనార్థాలు.

అరవై తొమ్మిదిల జై తెలంగాణ లొల్లి నడుస్తుంటె, జలపతికి దండేసి సభల కూసోవెట్టిండ్రని ఇన్న. కడుపు మండింది. చేసింది వాడ ముందర వాని నోటితోనే ఒప్పియ్యాలె అని సిరిసిల్ల బస్సెక్కి బాలకిషన్ ఇంట్ల దిగిన.

తెల్లారి బంద్. వాడంత సప్పుడు లేదు. "మగ్గాలకు గూడ బందేనా?" అన్న.

"బంద్‌కు కాదు వదినా, ఇయ్యాల అమాస," అన్నది సారక్క బియ్యం సెరుగుకుంట. "అమాస నాడు మావోళ్లు సచ్చినా మగ్గం ముట్టరు."

అని, సెరుగుడు ఆపింది. నాకు గా దినం యాదికచ్చింది. పెత్రమాస గూడ అమాసే గద. అన్ని మగ్గాలు ఆగిన దినం ఒక్కటి ఆడితె, గా ఇల్లేదో ఎవలైనా గుర్తువడ్తరు.

"తమ్మీ, గా దినం మర్సిపోయి నేసినవా?" అని బాలకిషన్‌ను అడిగిన. అవునంటె నమ్ముదును, ఖుదా కసం.

ఆయన తలెత్తలే. "కత్తులోళ్లు ముందుగాలనే అచ్చి ఇల్లు కాలవెడ్తమన్నరక్కా. బావ పేరు నోట రాదన్న. అయితె మగ్గం ఆడియ్యి, మేమే వస్తమన్నరు."

"ఇరవై ఏండ్లు నా చేతి షీర్ ఖుర్మా ఎట్ల మింగినవురా? లే. వాడ ముందర చెప్పు."

"బిడ్డ పెండ్లికున్నది. ఇజ్జత్ పోతది," అన్నడు. లేవలే.

సారక్క శాట కింద వెట్టి లేసింది. తలుపు బార్లా తీసి, బయటికి కేకేసింది.

"జలపతన్నా, జర ఇటు రా. మా ఆయన నీ ముందర ఒక మాట చెప్పాలె."