గంటగోపురం వైపు నుంచి మూడో కిటికీ

కాలవేర్దెకి వచ్చేవాళ్ళందరూ ఒక్క రోజుకే వస్తారు. పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగుతారు, సాయంత్రం ఐదింటికి ఎక్కుతారు. ఆ మధ్యలోనే సముద్రమూ, కొండా, చర్చీ, తిండీ అన్నీ అయిపోవాలి. అందుకని దిగీ దిగగానే రేవు పక్కనున్న చిన్న గది కిటికీలో తల పెట్టి, "అమ్మా, మాకు ఒక్క రోజే ఉంది. ఏం చూడాలి, ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. ఆ గదిలో కూర్చుని పంతొమ్మిదేళ్ళుగా జవాబు చెబుతున్న మనిషి దెల్ఫీనా.

ఆమెకి అరవై రెండేళ్ళు. పొద్దున్నే ఉల్లిపాయలు వేసి కాల్చిన ఫొకాచ్చా రొట్టెని పాలకాఫీలో ముంచుకు తిని, మూతి తుడుచుకుని గది తలుపు తీస్తుంది. ఉల్లి రొట్టెని కాఫీలో ముంచడమేమిటని బయటివాళ్ళు మొహం చిట్లిస్తారు. "ముందు తినండి, తర్వాత తీరిగ్గా చిట్లించుకుందురు గాని" అంటుంది. వచ్చినవాళ్ళకి ఆమె చెప్పే మొదటి పని కూడా అదే. తర్వాత ఎండ ముదరకముందే కొండమీది కోట ఎక్కాలి. దిగొచ్చి రేవులో నెత్తళ్ళ చేపల వేపుడు తినాలి. తిన్నాక మూడు గంటలు సముద్రంలో కాలు పెట్టకూడదు, పెడితే కడుపు పట్టేస్తుందని ఆ ఊరి తల్లులందరి నమ్మకం. ఆ మూడు గంటలూ చర్చిలో చల్లగా కూర్చోవచ్చు. ఆ తర్వాత స్నానం, నిమ్మరసం ఐసు, రేవు పొడుగునా షికారు. మనిషి వాలకాన్ని బట్టి వరస మారుస్తుంది గాని సరుకు అదే.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరే పడవెక్కి, కాస్త దూరం పోయాక వెనక్కి తిరిగి ఇళ్ళు చూడమని. నిజానికి కాలవేర్దెలో చూడాల్సింది అదే.

రేవు వెంబడి ఆరేసి అంతస్తుల సన్నటి ఇళ్ళు, ఎర్రవీ పసుపువీ, ఇరుక్కుని నిలబడి ఉంటాయి. వాటి కిటికీల్లో సగం రంగుతో వేసినవే. కిటికీ పెట్టే వీల్లేనిచోట గోడ బోసిగా ఉండకూడదని, ఆకుపచ్చ రెక్కలతో సహా కిటికీ బొమ్మ వేయించడం తాతల నాటి అలవాటు. సముద్రంలోంచి చూస్తే ఏది అసలో ఏది బొమ్మో ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు. ఆ బొమ్మ కిటికీలు ఆ ఇంటి అసలు కిటికీలు చేసిందే చేస్తాయి, కాకపోతే నలభై ఏళ్ళు అటూ ఇటూగా ఆలస్యంగా. రంగుకి తొందరేముంది? రొట్టెల దుకాణం మీది బొమ్మ కిటికీకి కిందటేడు నల్లగుడ్డ వేలాడింది. "వీళ్ళ ముత్తవ్వ అన్నమాట" అనుకుని దారినపోయేవాళ్ళు టోపీలు తీశారు. ఇంకో ఇంటి బొమ్మ కిటికీలో చంటిపిల్లాడి గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఆ పిల్లాడు ఇప్పుడు బ్యాంకు మేనేజరు. "నీ గుడ్డలు ఇంకా ఆరలేదురోయ్" అని స్నేహితులు ఏడిపిస్తారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఆ సెప్టెంబరులో దెల్ఫీనా ఇంటికి కొత్త రంగు వేయించాల్సిన వంతు వచ్చింది. పరంజా కట్టారు. ఊరి గోడలన్నీ తన చేతిమీదే రంగు పూసుకున్నాయని గర్వపడే తూల్లియో మేస్త్రి, డెబ్భై ఆరేళ్ళ మనిషి, పొద్దున్నే పైకెక్కి చూసి, దిగి, నేరుగా ఆమె గది దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మాయ్, మీ మూడో అంతస్తులో బొమ్మ కిటికీ కదిలింది. రెక్కల మధ్య వేలెడు సందు వచ్చింది."

దెల్ఫీనా చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "ఏది?" అంది, ఏదో తెలియనట్టు.

"ఏదంటావేమిటి? గంటగోపురం వైపు నుంచి మూడోది. నలభై ఏళ్ళ నుంచి నువ్వు తలెత్తి చూడనిది."

"అయితే ఏం చేస్తావు?"

"మధ్యాహ్నం నుంచి గీకేస్తాను. పాత రంగు గీకందే కొత్త రంగు పట్టదుగా. వద్దంటే చెప్పు, ఆ ఒక్కటీ వదిలేస్తా."

"గీకెయ్యి మేస్త్రీ. ఇప్పుడు తెరుచుకుంటే ఎవరికి గనక?"

తూల్లియో ఆమె మొహం చూసి, మళ్ళీ పరంజా వైపు నడిచాడు.

అది నలభై రెండేళ్ళ కిందటి మాట. కొండ వెనక పల్లె నుంచి వచ్చి రెండు గంటల పడవలో పనికి కుదిరిన నేవియో, దెల్ఫీనాని పెళ్ళి చేసుకుంటానన్నాడు. కాలవేర్దెలో పెళ్ళి మాటకి పిల్ల నోటితో జవాబు చెప్పదు, కిటికీతో చెబుతుంది. మగవాళ్ళు నడిసముద్రంలోంచే ఇంటి మంచిచెడ్డలు కిటికీలు చూసి తెలుసుకునే కాలం నుంచి వచ్చిన ఆచారం అది. చెప్పిన కిటికీ తెరిచి ఉంటే సరే. మూసి ఉంటే లేదు, మళ్ళీ ఆ మాట ఎత్తడం మగాడికి పరువు తక్కువ.

"బుధవారం పడవ వెళ్ళేటప్పుడు చూడు. గంటగోపురం వైపు నుంచి మూడోది" అంది దెల్ఫీనా. ఆ బుధవారం కొత్త పసుపు గౌను తొడుక్కుని, పొద్దున్నించీ మూసి ఉంచిన కిటికీని సరిగ్గా రెండింటికి తెరిచింది. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి గాలి వచ్చే కిటికీలే లెక్కపెట్టింది. నేవియో సముద్రంలోంచి గోడ మీద కనిపించినవన్నీ లెక్కపెట్టాడు. అతనికి మూడోది బొమ్మ. ఎండాకాలం, ఆ వరసలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, అతను చూస్తున్నదొక్కటే బిగించి ఉంది. మర్నాడు రైలెక్కి త్రియెస్తె ఓడల కార్ఖానాకి వెళ్ళిపోయాడు.

తెరిచి చూపించినా రాలేదని దెల్ఫీనా ఏడాది పాటు కోపంతో ఉడికిపోయింది. మరుసటి ఎండాకాలం చుట్టాలతో అదే పడవెక్కి, వెనక్కి తిరిగి, ఊరికే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అంతే, ఆ తర్వాత మళ్ళీ పడవ ఎక్కలేదు. అప్పటికీ అతను పెళ్ళి చేసుకోలేదు, ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉండొచ్చు. లెక్క తప్పినవాడే రావాలని పంతం పట్టింది. ఆ పంతం ఆమెకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఒంటిగంటన్నరకి రిటైరైనవాళ్ళ బస్సొకటి ఆలస్యంగా వచ్చింది. దిగినవాళ్ళంతా ఫొకాచ్చా వాసన పట్టుకుని పోగా, ఒక ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని గది దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సాయంత్రం ఐదింటిదాకానే ఉంటాం. ఏం చెయ్యమంటారు?"

దెల్ఫీనా తల ఎత్తింది. ఆయన ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. పడవ కొక్కెం తగిలి తెగినప్పుడు ఆ రక్తం తుడిచింది ఆమే. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నందుకు ఆమె జన్మలో మొదటిసారి సంతోషించింది.

"కోట ఎక్కొచ్చు" అంది.

"మోకాళ్ళు ఒప్పుకోవు."

"నెత్తళ్ళు..."

"డాక్టరు ఒప్పుకోడు."

"మరి ఎందుకొచ్చారండీ మా ఊరు, నన్ను ఏడిపించడానికి?"

ఆయన నవ్వాడు. "ఒకప్పుడు ఇక్కడ పనిచేశాను. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇంట్లో తోచక బస్సెక్కాను. ఊరు పేరు చూసి మానేద్దామనే అనుకున్నాను, తీరా ఎక్కేశాను."

నేనే దెల్ఫీనాని, ఆ రోజు కిటికీ తెరిచాను అని చెప్పెయ్యొచ్చు. అయిదారు మాటల పని. కాని నలభై రెండేళ్ళు గడిచాక ఆ మాట నోటితో చెబితే, ముసలిది ఒంటరితనం కొద్దీ కల్పించి చెబుతోందనుకోడూ?

"రెండు గంటల పడవెక్కండి. వెనక్కి తిరిగి ఇళ్ళు చూడండి" అంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

ఆయన మొహంలో నవ్వు పోయింది. "ఇళ్ళు చూశానమ్మా ఒకప్పుడు. ఆ కిటికీలతో నాకు పనిలేదు."

"నా మాట విని ఎక్కండి. నచ్చకపోతే వచ్చి నన్ను తిట్టండి."

ఆయన టిక్కెట్ల వైపు నడిచాడు. దెల్ఫీనా గది తాళం వేసి పరుగెత్తింది. ఆ వయసులో, ఆ చెప్పులతో, రేవంతా చూస్తుండగా. పరంజా కిందికి చేరేసరికి పైనుంచి పాత రంగు పొడి రాలుతోంది. రెండో కిటికీ చుట్టూ గోడ అప్పటికే గీకేశాడు.

"మేస్త్రీ! ఆపు! ఆ మూడోది ముట్టుకోకు!"

తూల్లియో కిందికి వంగి చూశాడు. "పొద్దున గీకమన్నావు."

"పొద్దున బుద్ధి లేదు. రెండున్నరదాకా ఆగు, నీకు దణ్ణం పెడతా."

"ఎవరొచ్చారేమిటి?"

తూల్లియో సముద్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, గీకే రేకు జేబులో పెట్టుకున్నాడు. "సరే, నేను భోంచేస్తా. సందు చాలా పెద్దదైందమ్మాయ్. గడియ కూడా ఊడింది. పరుగెత్తు."

పడవ కదులుతుండగా ఎక్కింది. నేవియో చివరి బల్ల మీద, సముద్రం వైపు మొహం పెట్టి, పట్టుదలగా ఊరికి వీపు చూపిస్తూ కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎక్కమన్నాను, ఎక్కారు. ఇప్పుడు తిరగండి."

ఆయన విసుక్కుంటూ తిరిగాడు. ఇళ్ళన్నీ ఒక్కసారిగా కనిపించాయి. చూడనని భీష్మించుకున్నవాడే, పెదవులు కదుపుతూ గంటగోపురం దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఒకటి. రెండోది, చుట్టూ గోడ గీకేసి ఉంది. మూడు.

మూడో కిటికీ రెక్కలు నెమ్మదిగా విడిపోయాయి. లోపలి నుంచి ఒక చెయ్యి, పసుపు గౌను చేతిది, బయటికి వచ్చి ఒక రెక్కని గోడకున్న కొక్కేనికి తగిలించింది, తర్వాత రెండోది. ఇరవై ఏళ్ళ పిల్ల చెయ్యి. పడవలో ఎవరో నిమ్మకాయ ఐసు పట్టుకుని, "అదుగో, బొమ్మ కిటికీ తెరుచుకుంది" అని పిల్లలకి చూపించి, మళ్ళీ ఐసు తినడంలో పడ్డారు.

"బొమ్మా?" అన్నాడు నేవియో. "అది బొమ్మ కిటికీయా?"

"నాలుగోది చూడు. అది నాది. ఆ రోజు రెండింటికి తెరిచాను" అంది దెల్ఫీనా, కళ్ళద్దాలు తీసేసి.

ఆయన ఆమె మొహం చూశాడు. నాలుగో కిటికీ చూశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు వద్దన్నావనే అనుకుంటూ బతికాను, దెల్ఫీనా. ఆ ఉక్రోషమంతా మా ఆవిడ రోజెల్లా మీద చూపించాను. ముప్పై ఆరేళ్ళు. ఎందుకో పాపం దానికి తెలియనే తెలియదు. ఇప్పుడు ఎవర్ని అడగను క్షమించమని?"

"నాకు ఏడాదికే తెలిసిపోయింది. ఉత్తరం రాయాల్సింది. లెక్క తప్పినవాడే వచ్చి అడగాలనుకున్నాను."

"లెక్క తప్పానని నాకు తెలిస్తే కదే రావడానికి!"

ఆ మాటకి ఇద్దరికీ నవ్వు రావాల్సింది. వచ్చింది కూడా, కాని మధ్యలోనే ఆగిపోయింది. ఆమెకి ఏడవాలనిపించింది, ఏడ్చింది. ఆయన రుమాలు ఇచ్చాడు.

దిగేసరికి తూల్లియో పని మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పొడిలో పసుపు కూడా కలిసి రాలుతోంది. దెల్ఫీనా ఈసారి తలెత్తి చూసింది, ఆపమనలేదు.

ఐదింటికి బస్సు మూడుసార్లు హారన్ కొట్టింది. పేరు పెట్టి ఎవరో గట్టిగా పిలిచారు. దెల్ఫీనా తన గదిలో కూర్చుని, మిగిలిన కాగితాలు దొంతిపెట్టి, తల ఎత్తకుండా బస్సు శబ్దం కొండ మలుపు తిరిగేదాకా విన్నది. పోయినవన్నీ పోయాయి, ఇదీ పోయిందనుకుంది.

అప్పుడు ఎవరో కిటికీలో తల పెట్టారు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది.

"అమ్మా, రెండు రోజులుంటే ఏం చెయ్యాలి?"

పంతొమ్మిదేళ్ళలో కాలవేర్దెలో ఆ మాట ఎవరూ అడగలేదు. దెల్ఫీనా కాగితాలన్నీ వెతికింది. రెండో రోజుకి అందులో ఏమీ రాసి లేదు.