రాధారాణి గుణింతం

యజ్ఞనారాయణ ఏ వస్తువునీ పారేసే మనిషి కాదు. పార్సిప్పనీలో ఇల్లు కొన్న కొత్తలో తెచ్చిన టోస్టర్ తాలూకు అట్టపెట్టె ఇప్పటికీ బేస్‌మెంట్‌లో భద్రంగా ఉంది. టోస్టర్ పోయి ఇరవై ఏళ్ళయింది. అలాంటి మహానుభావుడు జన్మలో ఒకే ఒక్కసారి, 2010 అక్టోబర్‌లో, తన పాత కంప్యూటర్‌ని కారులో వేసుకెళ్ళి, మునిసిపాలిటీవాళ్ళు పాత సామాన్లు తీసుకునే చోట స్వయంగా అప్పగించి వచ్చాడు. కూతురు విద్య కాలిఫోర్నియా నుంచి కొత్త లాప్‌టాప్ పంపింది మరి. కొత్త ఆపరేటింగ్ సిస్టం, కళ్ళు మూసి తెరిచేలోగా పని చేసిపెట్టే వేగం. దాని మూతకి కుంకుమ బొట్టు పెట్టి, పాత ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించుకుని, పధ్నాలుగేళ్ళ ముసలిదాన్ని వదిలించుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆ ఫైళ్ళు సర్దుతుంటే ‘గుణింతం’ అనే ఫోల్డర్ కంటబడింది. ఇన్నాళ్ళూ ఇది ఎలా మర్చిపోయానురా భగవంతుడా అనుకున్నాడు.

దాని కథ పదహారేళ్ళ నాటిది. అప్పట్లో ఆయన భార్య రాధారాణి ప్రతి ఆదివారం ఇంట్లోనే తెలుగువాళ్ళ పిల్లలకి అక్షరాలు నేర్పేది. వారంలో మిగతా ఆరు రోజులూ పిల్లలు అన్నీ మర్చిపోయి వస్తున్నారని ఆమె గోల. దాంతో టెలిఫోన్ కంపెనీలో ప్రోగ్రాములు రాసే మొగుడు ఇంటికోసం ఒక ప్రోగ్రాం రాశాడు. పిల్లలు మీటలు నొక్కితే తెర మీద తెలుగు అక్షరాలు పడతాయి, వాటిని కంప్యూటర్ పైకి చదువుతుంది. చదివేది రాధారాణి గొంతే. అచ్చులూ, క నుంచి క్ష దాకా గుణింతాలూ అన్నీ, దాదాపు ఐదు వందల అక్షరాలు, ఒక్కొక్కటే విడిగా పలికింది. బయటి చప్పుడు వినపడకూడదని చలికోట్లు వేలాడే అలమర గదిలో కూర్చోబెట్టాడు. జనవరి నెల, హీటర్ రొద పడుతుందని అదీ ఆపేశాడు. “చలికి నా గొంతు పోతే మీదే పూచీ” అంటూ నాలుగు ఆదివారాలు వణుకుతూ చదివింది ఆ ఇల్లాలు.

ఈ మార్చిలో ఆమె గొంతు నిజంగానే పోయింది. క్యాన్సర్ అని స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు. గొంతుకి ఆనించుకుని మాట్లాడమని ఒక చిన్న మిషన్ ఇచ్చారు. అందులోంచి తుమ్మెద రొదలాంటి మాట వస్తుంది. ఆమె ఒక్కసారి వాడి, సొరుగులో పడేసి, మళ్ళీ తియ్యలేదు. పలక మీద రాసి చూపించడం కూడా తగ్గించేసింది. విద్య ఫోన్ చేస్తే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతుంది. ఆయనతో పని పడితే రెండు చప్పట్లు కొడుతుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఇల్లంతా మారుమోగేలా పిలిచిన మనిషి చప్పట్లు కొట్టి పిలుస్తుంటే, ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా ఆయనకి ఏడుపొచ్చేది.

ఇంట్లో వీడియోలు లేకపోలేదు. వాటిలో ఆమె గొంతూ ఉంది. కానీ అవి అప్పుడన్న మాటలే అంటాయి. ఈ ప్రోగ్రాం అలా కాదు, ఇవాళ ఏ మాట కొడితే ఆ మాట ఆమె గొంతుతో అంటుంది!

వెంటనే మీట నొక్కాడు. ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో నడవదని లాప్‌టాప్ మర్యాదగా ఒక ముక్క చెప్పి ఊరుకుంది. పోనీ గొంతు ఒక్కటీ బయటికి లాగుదామా అంటే, అప్పట్లో ఫ్లాపీలో చోటు చాలక ఐదు వందల అక్షరాలనీ కలిపి ఒకే ఫైల్‌లో కుక్కాడు. ఎలా కుక్కాడో రాసుకున్న కాగితం లేదు. టోస్టర్ అట్టపెట్టె మాత్రం ఉంది! పాత కంప్యూటర్ కోసం పరుగెత్తాడు. ఆ సామాన్లన్నీ ఎక్కించుకుని లారీ వెళ్ళి ఐదు రోజులైందన్నారు.

రాధారాణికి ఏమీ చెప్పలేదు. చెప్పి, ఆశ పెట్టి, తర్వాత కాదంటే ఆ మొహం తను చూడలేడు.

రచనకి ఫోన్ చేశాడు. ఆ ఆదివారం బడిలో తొమ్మిదేళ్ళప్పుడు అక్షరాలు దిద్దిన పిల్లే, ఇప్పుడు న్యూయార్క్‌లో ప్రోగ్రామర్. శనివారం పొద్దున్నే వచ్చేసింది. రాధారాణి మేడ మీద ఉంది. ఇద్దరూ వంటింటి పక్క బల్ల దగ్గర దొంగల్లా కూర్చున్నారు.

“అంకుల్, ఇది చాలా ఓల్డ్. కొత్త సిస్టం ఇలాంటివి రన్ చేయదు. కానీ ఇంకోటి ఉంది. పాత కంప్యూటర్ లాగా యాక్ట్ చేసే ప్రోగ్రాం. దాని లోపల మన ప్రోగ్రాం పెడితే, ఇది నైన్టీన్ నైన్టీ ఫోర్ అనుకుంటుంది.”

“మోసం చేస్తామా?”

“కొంచెం,” అని నవ్వింది రచన.

నల్లటి తెర వచ్చింది. తెర మీద ఒక్క వాక్యం మెరిసి ప్రోగ్రాం టపీమని ఆరిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అదే. సున్నాతో భాగించావంటుంది.

“నేనెక్కడా భాగించలేదే!” అని మండిపడ్డాడు యజ్ఞనారాయణ. “గుణింతాల ప్రోగ్రాంలో భాగహారం ఎందుకుంటుందమ్మా?”

రచన గంటసేపు కుస్తీ పట్టింది. ఆఖరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని, “సారీ అంకుల్, నాకు తెలీట్లేదు,” అంది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పక్కింటాయన ఆకులు ఊడ్చే గొట్టంతో రయ్యిమని పెరడంతా గాలి కొడుతున్నాడు. ‘ఏమిటా తొందర’ అని విసుక్కున్నాడు. విసుక్కుని, అక్కడే ఆగిపోయాడు.

తొందర! అక్షరానికీ అక్షరానికీ మధ్య కాస్త ఆగమని రాశాడు తను. ఎంతసేపు ఆగాలో తెలియడానికి, ఆ ప్రోగ్రాం లేవగానే కంప్యూటర్ ఎంత వేగంగా ఉందో కొలుచుకుంటుంది. ఆ కొలత పట్టడానికి అప్పట్లో ఆ ప్రోగ్రాం భాష తయారుచేసినవాళ్ళు ఇచ్చిన గడి చిన్నది. కంప్యూటర్లు ఇంత పరుగులు పెడతాయని ఎవరు కలగన్నారు? భాగిస్తే వచ్చిన అంకె గడిలో పట్టక, దాన్నే సున్నాతో భాగించడం అనుకుని ప్రోగ్రాం చచ్చిపోతోంది.

“రచనా! తప్పు దానిది కాదమ్మా, మనం మరీ జోరుగా ఉన్నాం. వేగం తగ్గించు.”

“తగ్గించాలా? అంకుల్, నా జాబ్‌లో ఎవరూ ఎప్పుడూ స్లో చేయమని అడగలేదు!”

తగ్గించింది. ప్రోగ్రాం ఆరిపోలేదు! నీలం తెర మీద, ఆయన చుక్కా చుక్కా పేర్చి గీసిన వంకర టింకర అక్షరాలు లేచి నిలబడ్డాయి. రచన ఏదో మాట కొట్టింది. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కీచుమన్నాయి. “ఇంకా తగ్గించు,” అన్నాడు. ఇంకా తగ్గించింది. అంత ఖరీదైన లాప్‌టాప్‌నీ ఒక్కొక్క మెట్టే వెనక్కి, వెనక్కి, పదహారేళ్ళు వెనక్కి నడిపించారు.

“అంకుల్, ‘ఙ’ కొట్టనా? క్లాస్‌లో మేము ఎప్పుడూ అదే కొట్టేవాళ్ళం. ఆంటీ అరిచేది.”

ఎందుకో ఆయనకి అంతు పట్టలేదు. రచన ‘ఙ’ నొక్కింది.

“ఙ...” అంది రాధారాణి గొంతు. ఆ వెంటనే పకపకా నవ్వింది. “ఇదెవరికండీ పనికొచ్చేది!” అంటూ ఇంకా నవ్వింది. నాలుగో ఆదివారం, చలికోట్ల మధ్య కూర్చుని నవ్విన నవ్వు. ఆమె మళ్ళీ రికార్డు చేద్దామంటే తనే వద్దన్నాడు, ఉండనీ అన్నాడు. అదీ మర్చిపోయాడు. ఇల్లంతా నిండిపోయింది ఆ నవ్వు. రచన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గొంతుకి పలచటి స్కార్ఫ్ కట్టుకున్న రాధారాణి సగం మెట్ల దాకా దిగి, కమ్మీ పట్టుకుని నిలబడింది. తన నవ్వు తనకే కింద నుంచి వినిపిస్తే ఏ మనిషి మేడ మీద ఆగగలదు? రచన మెల్లగా ఇంకోసారి నొక్కింది. ఈసారి ఆ నవ్వుతో పాటు రాధారాణి భుజాలు కూడా కదిలాయి. చప్పుడు కంప్యూటర్‌లోంచి, నవ్వు ఆమె మొహంలోంచి. యజ్ఞనారాయణ డెబ్భై ఏళ్ళ బతుకులో అలాంటిది చూడలేదు.

ఆమె వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆయనకి అక్కడ నిలబడే ధైర్యం లేకపోయింది. “రచనకి కాఫీ పెడతా,” అని వంటింట్లోకి జారుకున్నాడు. పాలు స్టవ్ మీద పెట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, పాల సంగతి సుబ్బరంగా మర్చిపోయాడు.

“ఏ... మం... డీ.”

“ఆఁ, వస్తున్నా!”

నలభై ఏళ్ళ అలవాటు. నోరు దానంతటదే పలికింది. ఆ తర్వాత గానీ ఏం జరిగిందో ఆయనకి తెలియలేదు. చేతిలో గ్లాసుతో అలాగే గుమ్మంలోకి వచ్చాడు. రాధారాణి ఆయన వైపు చూడటం లేదు, ఆయన వెనక స్టవ్ వైపు చూస్తోంది. గబగబా మీటలు నొక్కింది.

“పా... లు! పా... లు!”

వెనక పాలు బుస్సున పొంగి స్టవ్ మీద పడుతున్నాయి. యజ్ఞనారాయణ కదల్లేదు.

“పొంగనీవే,” అన్నాడు. “ఏదీ, ఇంకోసారి పిలువు.”