నల్లమలకు వెళ్లే బండి

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మా ఆఫీసు నుంచి చిదంబరం సార్ ఫోన్ చేశారు. "హిమజా, రేపు జింకలతో నల్లమలకు దుర్గేష్‌ను పంపుతున్నాను. నువ్వు రానక్కర్లేదు," అన్నారు. ఈసారి నన్ను రమ్మన్నదీ ఆయనే. అయినా సరే సార్ అన్నాను. అలవాటు.

కుందేలంత ఉండే మూషిక జింకలవి. ఆ అడవిలో కనిపించకుండా పోయిన జాతి. మేం వాటిని పెంచే కేంద్రంలో పుట్టిన పిల్లల్ని నేను పెంచాను. వాటిని అక్కడ కంచెలో కొన్నాళ్లుంచి, మేత తగ్గిస్తూ, సొంతంగా తినడం వచ్చాక వదలాలి. అన్నాళ్లూ వాటికి తెలిసిన మనిషి దగ్గరుండాలి. పోయినసారి దారిలోనే ఒకటి బెదిరి చనిపోయింది. చూలుతో ఉన్నది. ముందు సీట్లో పాటలు వింటున్న దుర్గేష్‌కు తెలియనే లేదు. 'ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ' అని పెంపకం నాకిచ్చిన సార్, వదిలే రోజు మాత్రం ఇన్నాళ్లూ మగవాళ్లనే పంపారు. నేను నాచారంలో వంట ముగించి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, జింకల పెంటికలు ఎత్తి, మళ్లీ వంటకు వస్తాను.

మా ఆయన సురేష్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. "రేపు నన్ను రావద్దన్నారు," అన్నాను.

"మంచిదే గదా. దుర్గేష్ పోతడు తియ్."

దుర్గేష్ సంగతి నేను చెప్పలేదు.

"సార్‌తోని మాట్లాడిన్రా?"

"ఆ, మాట్లాడిన. గన్ని రోజులు అడవిల, మొగోళ్ల నడుమ ఎట్లుంటవ్? అమ్మకు మోకాళ్లు నొస్తున్నయ్, ఇంట్ల ఎవరు జేస్తరు? నువ్వు అడగలేవని నేనే అడిగిన."

కోపం రావాలి. రాలేదు. చేతిలో ఉన్న చిక్కుడుకాయకు ఈనె తీసి పళ్లెంలో వేశాను. కాసేపటికి ఫోన్ తీశాను.

"సార్, రానని నేను చెప్పలేదు. రేపు బండిలో నేనుంటాను. వెనక, పెట్టెల పక్కన."

"ఇంట్లో ఒప్పుకున్నారామ్మా?"

"ఇంట్లో అడగలేదు సార్."

"సరే, పొద్దున్నే రా," అన్నారు.

సురేష్ ముఖం ఎర్రబడింది. "అమ్మా, ఇంటున్నవా?"

అత్తయ్య గదిలోంచి గోడ పట్టుకుని వచ్చింది. "ఇన్న. నా మోకాళ్ల పేరు జెప్పి ఫోన్ జేసినవారా? నన్నొక మాట అడిగినవా?"

అతను నావైపు తిరిగాడు. ఈనెలు తీసిన చిక్కుడుకాయల పళ్లెం అతని ముందుకు జరిపి లేచాను.

"ఇంకోసారి నా తరఫున ఎవ్వరికీ ఫోన్ జెయ్యకు నువ్వు," అన్నాను.

పెళ్లయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.