తారామణిగారు దిగితే తెరుచుకోని కారు

నాకు కోపం ఎక్కువని నాచారంలో ఎవర్ని అడిగినా చెబుతారు. కోపం కాదది, ఓపిక లేకపోవడం. ఇరవై రెండేళ్ళుగా కారు తాళాల రిమోట్లు బాగుచేస్తున్నాను. వచ్చిన ప్రతివాడూ "భాస్కరన్నా, రిమోట్ ఖరాబైంది" అంటాడు. ఖరాబైంది రిమోట్ కాదురా నాయనా, అందులోని బిళ్ళ బ్యాటరీ అని చెప్పేసరికి నా పొద్దు సగం గడిచిపోతుంది.

మిగతా సగం మాత్రం నాది. మధ్యాహ్నం రోడ్డు మీద లారీలు తగ్గాక, గాలిలో పోయే సిగ్నళ్ళు వినే చిన్న పెట్టె ఒకటి బల్ల మీద పెట్టుకుంటాను. చేతిలో పట్టేంత రేడియో అనుకోండి. పాటలు రావు దాంట్లో. కార్ల తాళాలు ఎక్కడ మాట్లాడుకుంటాయో అక్కడికి తిప్పి పెడితే ఖాళీ గాలి హోరు వినిపిస్తుంది, ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు. ఉండుండి ఆ వానలో ఒక "టిర్ర్". రోడ్డు మీద ఎవరో కారు తలుపు తీశారన్నమాట. ఆ హోరులో నాకు షాపూ, ఎండా, నా వయసూ ఏవీ గుర్తుండవు. కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి.

అలా మూతలు పడ్డ ఒక సోమవారం మధ్యాహ్నం తారామణిగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. చిన్న తెల్లకారు తానే నడుపుకుంటూ వచ్చి షాపు ముందు తిన్నగా ఆపారు. ఇల్లు ఉప్పల్ డిపో వెనక. సొంతూరు భీమవరం వైపట. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మాత్రం అక్కడిదే.

"బాబూ, వారం రోజుల నుంచీ ఈ తాళం చెప్పిన మాట వినట్లేదు. నొక్కితే తలుపు రాదు. లోపలుండే ఇనప తాళంచెవితో తీస్తే కారు ఊరంతా లేచేలా అరుస్తోంది. ముగ్గురికి చూపించాను. ముగ్గురూ బ్యాటరీ మార్చారు."

"మరి ఈడిదాక ఎట్ల తెచ్చిన్రమ్మా?"

"ఓ పావుగంట దాని ముందు నిలబడితే దానంతటదే తెరుచుకుంటుంది. ఈలోగా మనుషులు వెళ్ళిపోతారు."

ఏ మనుషులని అడిగాను. అప్పుడు చెప్పారు. ఆవిడ భర్త ఉమాపతిగారికి ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు కొంత కోలుకుంది, మాట కొంచెం కొంచెంగా వస్తోంది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. హబ్సిగూడలో భూకంపాల గీతలు చదివే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆ గీతల పక్కన పెన్సిలుతో ముత్యాల్లాంటి అంకెలు వేసిన చెయ్యి అది. వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడానికి దవాఖానాకు తీసుకెళ్ళాలి. మెట్లు దింపడానికి వాచ్‌మన్, పక్కింటాయన సాయం వస్తారు. ముందు ఆవిడ కిందికి దిగి, కారు తీసి, ఏసీ వేసి, అప్పుడు వాళ్ళను పిలుస్తారు. కారు తెరుచుకోకపోతే వాళ్ళు మాత్రం ఎంతసేపు ఉంటారు?

"శుక్రవారం పెద్ద డాక్టరుగారు చూస్తారు. అప్పటికీ కుడిచెయ్యి కదలకపోతే ఇంక దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. ఎడమచేత్తో పనులు చేసుకోవడం నేర్పిస్తారట. ఈ కారు మూలాన రెండుసార్లు వెళ్ళనేలేదు బాబూ. ఆ రెండుసార్లలోనే కదిలుండేదేమో."

రిమోట్ విప్పాను. బ్యాటరీ కొత్తది. గుండీల కింది స్విచ్చులు చక్కగా పలుకుతున్నాయి. నా పెట్టె ముందు నొక్కితే సిగ్నల్ ఖంగుమని వచ్చింది. రోడ్డు దాటి అవతలి నుంచి నొక్కినా కారు తెరుచుకుంది. నలభైసార్లు నొక్కాను. నలభైసార్లూ తెరుచుకుంది.

"దీంట్ల ఏం దోషం లేదమ్మా. ఉంటే మీ చేతిలనే ఉండాలె" అన్నాను. నోరు జారడం నాకు అలవాటే. ఆవిడ రిమోట్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. తిరిగి తిట్టే మనుషులంటే నాకు హాయి. ఏమీ అనకుండా వెళ్ళిపోతే మాత్రం అన్నం సయించదు.

గురువారం మధ్యాహ్నం ఫోన్ చేశారు. "నిన్న కూడా వెళ్ళలేకపోయాం బాబూ. రేపే శుక్రవారం" అన్నారు. ఫోన్ పెట్టేశారు. చేతిలో పని పక్కన పడేసి బండి తీశాను.

ఉప్పల్ డిపో వెనక ఆ వీధి మధ్యాహ్నం నిద్రలో ఉంది. కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి మీద తల వాల్చి ఒక మనిషి నిద్రపోతున్నాడు. ఎక్కడో కుక్కర్ ఒక్క కూత వేసి ఆగిపోయింది. దూరంగా మెట్రో రైలు మలుపు తిరుగుతున్న చప్పుడు కూడా ఎవరినీ లేపకూడదన్నట్టు మెల్లగా వస్తోంది. తారామణిగారి కారు అపార్ట్‌మెంట్ పక్కన, సరిగ్గా వాళ్ళ పడకగది కిటికీ కింద ఆపి ఉంది. వాళ్ళది రెండో అంతస్తు.

పైకెళ్ళి గుమ్మం దగ్గరే రిమోట్ తీసుకుని దిగాను. నొక్కాను. తెరుచుకుంది. ఇరవైసార్లు తెరుచుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కిందికి రమ్మని కేకేశాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చి రిమోట్ తీసుకుని నొక్కారు. లేదు. మళ్ళీ నొక్కారు. లేదు. లాక్కుని నేను నొక్కాను. నాకూ లేదు.

ఆవిడ బిక్కముఖం వేశారు. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అంటూ పైకి వెళ్ళారు. కాసేపటికి నొక్కితే కారు సలక్షణంగా తెరుచుకుంది. పాలు దించి ఆవిడ మళ్ళీ దిగారు. కారు మూగదైపోయింది. ఇంకోసారి పైకి పంపాను. తెరుచుకుంది. ఇంకోసారి దింపాను. తెరుచుకోలేదు. ఇరవై రెండేళ్ళలో బ్యాటరీలు చూశాను, తడిసిన బోర్డులు చూశాను, ఎలుకలు కొరికిన వైర్లు చూశాను. మనిషి మెట్లెక్కి దిగడాన్ని బట్టి వచ్చిపోయే ఫాల్టు మాత్రం చూడలేదు.

"నేనన్నది మనసుల పెట్టుకోకున్రి అమ్మా. మీ చేతిల ఏం లేదు" అన్నాను. తప్పు ఒప్పుకోవడం నాకు అంత తేలిక కాదు.

పెట్టె బయటికి తీశాను. ఆవిడ పైన ఉన్నంతసేపూ అదే వాన, అదే హోరు. ఎండకు తల తిరుగుతున్నట్టుండి, కారుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ కిందికి వచ్చారు. ఒక నిమిషం వాన పడింది. తర్వాత మొదలైంది. "టిర్ర్". ఆగింది. "టిర్ర్ర్". ఎక్కడి నుంచో, కారు తాళం మాట్లాడే చోటే, ఎవరో అడ్డుపడి మాట్లాడుతున్నారు. ఆ మాట నడుస్తుండగా రిమోట్ నొక్కితే కారుకు వినిపించదు. లెక్కపెట్టాను. పది వచ్చి ఆగాయి. కాస్త విరామం. మళ్ళీ పది. యంత్రమైతే అన్నీ ఒకే కొలతతో వస్తాయి. ఇవి అలా లేవు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఏడోది సగంలో ఆగిపోయి, చాలాసేపటికి మళ్ళీ బయల్దేరి వచ్చింది. యంత్రానికి అలసట ఎక్కడిది? ఇది మనిషి.

పెట్టె పట్టుకుని వీధి ఆ చివరి దాకా నడిచాను. చప్పుడు సన్నగిల్లింది. వెనక్కి వచ్చాను. కిటికీ కింద నిలబడితే చెవులు గింగురుమన్నాయి.

"పైన గా గదిల ఎవరున్నరమ్మా?"

"మా ఆయనే. ఇంకెవరుంటారు?"

"రిమోట్ అసొంటిది ఏమన్న ఉన్నదా గదిల?"

ఆవిడ ఆలోచించారు. "టీవీ ముందు గదిలో ఉంది. ఆయన గదిలో ఏమీ లేవు బాబూ."

"మీరు ఈడనే ఉండున్రి. జర పైకి పోయొస్త."

తలుపు దగ్గరగా వేసి ఉంది. పడకగదిలో పల్చటి తెర గాలికి లేచి పడుతోంది, దాని నీడ గోడ మీద నీళ్ళలా కదులుతోంది. మంచం మీద ఉమాపతిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడమచేతి పక్కన స్టీలు గ్లాసు, చెంచా. కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది. ఆ అరచేతిలో, రవిక అంచుకు కుట్టే నాడాతో కట్టి, తెల్లటి గుండీ ఒకటి. వైర్లు లేని కాలింగ్ బెల్ గుండీ అది.

ఆయన బొటనవేలు వణికింది. ఎంతో దూరం నుంచి నడిచి వచ్చినట్టు వచ్చి, ఆ గుండీ మీద వాలి, నొక్కింది. నా చేతిలో పెట్టె "టిర్ర్"మంది.

ఆయన కళ్ళు తెరిచి చూశారు. వేలు ఆగిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లవాడి ముఖం పెట్టారు.

నేను ఎవరో చెప్పాను. ఆయన ఒక్కో మాటే కూడదీసుకుని చెప్పారు. దవాఖానా నుంచి వచ్చిన రోజున ఆ గుండీని తారామణిగారే కట్టారు. ఎడమచేత్తో మనిషిని పిలవడమేమిటి, అశుభం అని పడిపోయిన చేతికే కట్టారు. వ్యాయామం చేయించే పిల్ల నవ్వింది. దాంతో ఉపయోగం లేక, ఆవిడను పిలవాలంటే ఎడమచేత్తో గ్లాసు మీద చెంచాతో కొట్టడం అలవాటైంది. గుండీని మాత్రం ఆవిడ విప్పలేదు. విప్పితే ఆ చెయ్యి పోయినట్టేనని భయం.

"ఆదివారం... కదిలింది" అన్నారు. కిందటికి కిందటి ఆదివారమన్నమాట. కారు మొరాయించడం మొదలైన రోజు.

"మరి అమ్మకు చెప్పలేదా సారూ?"

"తను చూస్తుంటే... రాదు. ఆశగా చూస్తుంది. చెయ్యి బిగుసుకుపోతుంది." కాస్త ఊపిరి తీసుకున్నారు. "చెప్పకు. రేపు అక్కడ... రాకపోతే?"

అందుకే ఆవిడ గది దాటి కిందికి దిగగానే మొదలుపెడతారు. పదిసార్లు, విశ్రాంతి, పదిసార్లు. తనను తీసుకెళ్ళడానికి ఆవిడ కారు దగ్గర నిలబడి అవస్థపడుతున్న ఆ పావుగంటలోనే. తిట్టడానికి తప్ప మాటలు రాని మనిషిని నేను.

"దీని గంట ఏడున్నది?"

ఎడమచేత్తో వంటింటి వైపు చూపించారు. బియ్యం డబ్బా పక్కన, దుమ్ము పట్టి, పడి ఉంది. దాని ప్లగ్గులో మిక్సీ ఉంది. మిక్సీ తీసి గంట పెట్టాను. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"సారూ, నేను చెప్ప. అది నా పని గాదు. గానీ ఫాల్టు దొరికినంక ఇడిసిపెట్టి పోవుడు నాకు రాదు. గంట పెట్టిన. మీరు నొక్కకపోతే కారు తెరుచుకుంటది, రేపు దవాఖానకు పోతరు. నొక్కితే అమ్మకు వినపడ్తది. మీ ఇష్టం."

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నారు.

కిందికి దిగి, "నొక్కున్రి" అన్నాను. తారామణిగారు నొక్కారు. కారు తెరుచుకుంది. మూశారు, తీశారు, మళ్ళీ మూశారు. ఆవిడ ముఖం విప్పారింది.

"ఏం చేశారు బాబూ?"

నా చెవులు రెండో అంతస్తులో ఉన్నాయి. కారు తలుపు తెరుచుకున్నందుకు ఏడుపు రావడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆవిడ ఇంకోసారి నొక్కారు. తెరుచుకుంది. ఆయన నొక్కరు, భయపడ్డారు, అయిపోయింది అనుకున్నాను. బండి తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాను.

పైన గంట మోగింది.

"ఎవరో వచ్చినట్టున్నారు" అన్నారావిడ. "మెట్ల మీదికి ఎవరూ వెళ్ళలేదే."

నేను నేల చూపులు చూశాను. గంట మళ్ళీ మోగింది. ఆవిడ మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు.

"మా గుమ్మానికి గంట లేదు" అన్నారు. నాతో కాదు. "ఆ గంట ఆయన కుడిచేతికి..."

మెట్ల పక్క సిమెంటు గట్టు మీద కూలబడ్డారు. రిమోట్ ఒళ్ళో పడింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు.

"కారు మొరాయించినకాడ్నుంచి అమ్మా. పదకొండు దినాలు."

"నేను ప్లగ్గు తీసేశాను బాబూ" అన్నారు. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియలేదు. "ఎలాగూ మోగదు కదా అని తీసేశాను."

మూడోసారి మోగింది. ఈసారి పొడుగ్గా, చాలాసేపు. ఆవిడ గోడ పట్టుకుని లేచారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, సగం మెట్లయినా ఎక్కకముందే, "వస్తున్నానండీ" అని కేకేశారు.