తెర మీద మిగిలిన అరలు

షట్టర్‌ను టీవీల అంగడివాళ్ళు సగం వరకే దించగలిగారు. మిగతా సగం దించడానికి వీల్లేదు. దాని కింద సాదలి ఊరి ధనుంజయ నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోన్, ఫోన్‌లో లైవ్ వీడియో నడుస్తోంది. వెనక ఊరివాళ్ళు నలుగురు.

“చూడండప్పా, చింతామణి జనాలు అందరూ చూడండి. అంగట్లో ఏడాది నడిపిన టీవీకి కొత్త డబ్బా తొడిగి నాకు అమ్మినారు. అరవై అయిదు ఇంచులు. ఏడు నెలలకే తెరంతా మరకలు.”

“లోపలికి రాప్పా, కాఫీ తాగతా మాట్లాడుకుందాం,” అన్నాడు యజమాని రామకృష్ణప్ప.

“మీ కాఫీ కూడా ఎవరో తాగి పెట్టిందే ఉంటాది,” అన్నాడు వెనక నుంచి గురప్ప. మిగతా ముగ్గురూ నవ్వారు. ధనుంజయ నవ్వలేదు.

నాగేశ్ కౌంటర్‌కు నడుం ఆనించి నిలబడ్డాడు. నలభై ఆరేళ్ళ వాడు. పంతొమ్మిదేళ్ళుగా ఈ అంగట్లో రోజంతా నిలబడి టీవీలు అమ్ముతున్నాడు. ఆ టీవీ అమ్మిందీ అతనే.

రామకృష్ణప్ప అతన్ని గోడౌన్‌లోకి లాక్కుపోయాడు.

“డిస్‌ప్లే పీసా అది?”

“కాదు సార్. సీలు వాళ్ళింట్లోనే కోసినాను, నా చేత్తో.”

“నాకు చెప్తే ఏం లాభం? కంపెనీ ఇంజినీరు చిక్కబళ్ళాపురం నుంచి సాదలికి పోతాండాడు. నువ్వూ పో. తప్పు వాళ్ళదని రాయించుకొని రా. అంగడిదని రాసినాడంటే రేపట్నుంచి నువ్వు అంగడికి రాబళ్ళేదు.”

“పంతొమ్మిదేళ్ళు సార్.”

“ఆ వీడియో అప్పుడే ఆరువేల మంది చూసినారు నాగేశా. వాళ్ళకు చూపించేదానికి నాకొక మనిషి కావల్ల.”

నాగేశ్‌కు కోపం కూడా రాలేదు. కోపానికి కొంచెం ఓపిక కావాలి. ఈ వయసులో, ఈ నడుంతో, జనం ఫోన్‌లోనే టీవీలు కొనేస్తున్న ఈ రోజుల్లో ఇంకో అంగడి తనను పిలిచి పని ఇవ్వదని అతనికి తెలుసు. తెలిసిన సంగతి కాబట్టి దాని గురించి ఆలోచించడం మానేసి ధనుంజయ పికప్ బండి ఎక్కాడు.

 శిడ్లఘట్ట దాటాక ధనుంజయ ఒక్క మాట అన్నాడు.

“ఇంటికొచ్చి అబద్ధాలు చెప్పొద్దు. మాయమ్మ ఉంటాది.”

అతని తల్లి నాగేశ్‌కు గుర్తుంది. హనుమక్క. మోకాలికి ఆపరేషన్ అయిన కొత్తలో కర్ర పట్టుకుని కొడుకుతో అంగడికి వచ్చింది. స్టూలు వేస్తే కూర్చుంది. ఆ రోజు నెలాఖరు. గోడ మీద మూడు పెద్ద టీవీలు వెలుగుతున్నాయి. నాగేశ్ రోజుకు పదిసార్లు చెప్పే పాఠాన్నే చెప్పాడు.

“ఇది క్యూఎల్ఈడీ. పలక వెనక లైట్లు ఉంటాయి, ముందర రంగుల పొర. వెలుగు బాగా ఎక్కువ. ఇది మినీ ఎల్ఈడీ. వెనక లైట్లు చిన్నవి, వేలల్లో ఉంటాయి. నల్లగా కావాల్సిన చోట లైట్లు ఆరిపోతాయి. ఇదిగో, ఇది ఓఎల్ఈడీ. దీని వెనక లైటే లేదు. ఒక్కో చుక్కా తానే వెలుగుతాది, తానే ఆరతాది. నలుపంటే ఇదే నలుపు.”

ధనుంజయ ధరల చీటీలు చూస్తుంటే హనుమక్క అడిగింది. “మసక వెలుతుర్లో ఉండేది దేంట్లో బాగా కనిపిస్తాదప్పా?”

“ఓఎల్ఈడీలోనేమ్మా.” అది నిజమే.

ఆమె ఇంకేదో కూడా అడిగింది. నాగేశ్‌కు గుర్తు రాలేదు. ఆ పూట అంగట్లో రద్దీ. ఆ నెల అతని అమ్మకాల లెక్క పూర్తి కావడానికి ఓఎల్ఈడీ ఒక్కటి అమ్ముడుపోవాలి.

*

ఇంజినీరు ఆనంద్‌కుమార్ అప్పటికే నడవలో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఇది ఆ రోజుకు అతని అయిదో ఇల్లు. మోకాళ్ళ మీద ట్యాబు, ట్యాబులో ఒక ఫారం.

“ఇందులో నేను మూడే రాయొచ్చు,” అన్నాడు. “ఫ్యాక్టరీ లోపం, అంగడి తప్పు, వాడినోళ్ళ తప్పు. ఎవరూ నాతో కొట్లాడొద్దండి. నాకింకా బాగేపల్లిలో రెండిండ్లు ఉండాయి.”

అతను రిమోట్‌తో ఏవో మీటలు వరసగా నొక్కాడు. తెర మీద ఒక అంకె వచ్చింది.

“నాలుగు వేల గంటలు నడిచింది. ఏడు నెలలకు. అంటే రోజుకు పంతొమ్మిది గంటలు.”

ధనుంజయ తొడ చరిచాడు. “విన్నారా? నేను సాయంత్రం న్యూసు చూస్తాను, మ్యాచ్ చూస్తాను. నాలుగు గంటలు దాటదు. తక్కిన గంటలు యాడివి? అంగట్లోవి.”

నాగేశ్ తెర దగ్గరికి వంగి చూశాడు. 

“మరకలు చూపిస్తారా సార్?” అన్నాడు చివరికి. “బూడిద రంగు పెట్టి.”

ఇంజినీరు తెరనంతా బూడిద రంగు చేశాడు. మరకలు తేలాయి. దగ్గర్నుంచి చూస్తే చెదురుమదురుగా ఉన్నాయి. నాగేశ్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. అక్కణ్ణుంచి చూస్తే అవి మరకలు కావు. అడ్డంగా అయిదు గీతలు. నిలువుగా నాలుగు. కుడివైపు పైమూలలో అంకెలు. మొదటి నాలుగూ అచ్చు వేసినట్టు స్పష్టంగా ఉన్నాయి, అది సంవత్సరం. చివరివి ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయాయి, అవి సెకన్లు.

“మా అంగట్లో టీవీల మీద పూలు, చేపలు తిరగతాంటాయి సార్. తేదీ రాదు,” అన్నాడు నాగేశ్. గొంతులోకి కొంచెం ప్రాణం వచ్చింది. “ఇది కెమెరా బొమ్మ. ఒకే బొమ్మ నెలల తరబడి కదలకుండా ఉండింది. ధనుంజయప్పా, మీ ఇంట్లో కెమెరా ఉండాదా?”

“పట్టుపురుగుల షెడ్డులో ఉండాది. నా కూతురు నేత్ర పెట్టించింది. అయితే?”

“షెడ్డులో అరలు ఎన్ని?”

“అయిదు.” చెప్పాక ధనుంజయ తెర వైపు చూశాడు. తర్వాత గట్టిగా తల అడ్డంగా ఊపాడు. “అయిదు గీతలుంటే మా అరలేనా? నీ వేళ్ళూ అయిదే.”

“పదండి, షెడ్డు చూస్తే తేలిపోతాది,” అని ఇంజినీరు లేచాడు.

“పోబళ్ళేదు, ఈడే ఉండండి.”

ఆ మాట గడప దగ్గర్నుంచి వచ్చింది. హనుమక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇంతసేపూ ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

“నాలుగో జ్వరం నిన్ననే లేచినాయి పురుగులు,” అంది. నాలుగోసారి పొర విడిచి మేతకు లేచే రోజులవి. తర్వాత వారంలో గూళ్ళు కడతాయి. ఆ రోజుల్లో బయటివాళ్ళను షెడ్డు గడప తొక్కనివ్వరు. “నువ్వు సెంటు పూసుకోనుండావప్పా. ఈయప్ప బీడీ తాగి వచ్చినాడు. మీ ఇద్దరి వాసనకే పురుగులు మేత వదిలేస్తాయి.”

“మరి ఎట్ల చూసేదమ్మా?” అన్నాడు ఇంజినీరు.

“చూసేదానికి పోవల్నా? ఇందులోనే కనిపిస్తాది.”

ఆమె రిమోట్ అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకోలేదు. బొటనవేలు దానంతట అదే మూడు మీటలు నొక్కింది.

షెడ్డు వచ్చింది. మసక వెలుతురు, అయిదు అరలు, అరల మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల మీద తెల్లగా కదులుతున్న పురుగులు. ప్రతి అరా ఒక గీత మీదికి వచ్చి కూర్చుంది. మూలన తేదీ పాత తేదీ మీద సరిగ్గా పడింది. మరకలన్నీ మాయమయ్యాయి.

ధనుంజయ తెర మీద ఒక అర వెంట వేలు జరిపాడు.

“అమ్మా,” అన్నాడు ధనుంజయ. “పొద్దంతా ఇదే పెట్టుకొని కూచుంటాండావా?”

“మోకాలు ఇట్లయినాక షెడ్డు కాడికి పోలేను కదా. ఎలక దూరితే, బల్లి దూరితే ఎవరు చూసేది? నువ్వు తోటకాడ ఉంటావు. నువ్వు పండుకున్యాక కూడా పెడతాను. సద్దు తీసేసి.”

“తక్కిన పదిహేను గంటలూ నువ్వేనా?” అతని మొహం నల్లబడింది. “ఊరంతటినీ పిలుచుకొనిపోయినాను. ఆరువేల మందికి చూపించినాను. ఇప్పుడు మాయమ్మే చెడగొట్టిందని చెప్పల్నా? ఎవర్నన్నా ఒక మాట అడగాలని తోచలేదా నీకు?”

 రిమోట్‌ను హనుమక్క కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. తలెత్తి ఒక్కసారి నాగేశ్ వైపు చూసింది.

అప్పుడు అతనికి గుర్తుకొచ్చింది.

అంగట్లో స్టూలు మీద కూర్చుని ఆమె అడిగిన రెండో ప్రశ్న. “పొద్దూ మాపూ ఒకే బొమ్మ పెట్టుకోవచ్చాప్పా దీంట్లో? ఏమీ కాదు కదా?”

జవాబు నాగేశ్‌కు తెలుసు. ఓఎల్ఈడీలో ఒకేచోట వెలిగే చుక్కలు ఒకేచోట ముసలివైపోతాయి. ఆమెకు అమ్మాల్సింది పక్కనున్న మినీ ఎల్ఈడీ. అది చెప్పాలంటే మళ్ళీ మొదటి నుంచి పాఠం మొదలుపెట్టాలి. నడుం నొప్పిగా ఉంది. నెల ఆఖరు రోజు.

“ఏమీ కాదమ్మా. పెట్టుకోండి,” అన్నాడు.

ఆమె ఇప్పుడు ఆ మాట బయటపెట్టలేదు. మరిచిపోయిందో, నాగేశ్ ఏమంటాడో చూద్దామని ఊరుకుందో అతనికి అర్థం కాలేదు. ఆమె మళ్ళీ తెర వైపు తిరిగి, రెండో అర మీద ఏదో కదిలితే పరిశీలనగా చూస్తోంది.

ఇంజినీరు నిట్టూర్చి ట్యాబు తెరిచాడు. “అంగడిది కాదు. ఫ్యాక్టరీదీ కాదు. వాడినోళ్ళ తప్పని రాస్తాండాను. ధనుంజయ సార్, ఆ వీడియో తీసేయండి.”

ధనుంజయ తల వంచుకుని ఫోన్ తీశాడు. రామకృష్ణప్ప కోరింది ఇదే. నాగేశ్ రేపు పొద్దున తొమ్మిదికి వెళ్ళి, తాళం తీసి, గోడ మీది టీవీలు ఒక్కొక్కటే వెలిగించవచ్చు. ఇంకో పదేళ్ళు.

“ఇక్కడ పేరు అడగతాది,” అన్నాడు ఇంజినీరు. “తప్పు ఎవరి వల్ల జరిగిందని. అమ్మ పేరే కదా? హనుమక్క... ఇంటిపేరేమి?”

“అది కాదు సార్,” అన్నాడు నాగేశ్. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజంతటిలో అతను కూర్చోవడం అదే మొదలు. “ఆమె అడిగింది. పొద్దూ మాపూ పెట్టొచ్చా అని కొనే ముందరే అడిగింది. ఏమీ కాదని చెప్పింది నేను. తెలిసే చెప్పినాను.”

ధనుంజయ వేలు ఫోన్ మీద ఆగిపోయింది.

“అంగడి తప్పని మార్చండి,” అన్నాడు నాగేశ్. “పేరు కూడా రాసుకోండి. నాగేశ్.”