నీళ్ళు వచ్చిన దారి

వరద తీసిన మర్నాడు ఆ వీధిలో ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు. తడిసిన పరుపులు గోడలకి చేరేసి ఉన్నాయి, కుర్చీలు కాళ్ళు పైకి పెట్టుకుని ఎండుతున్నాయి, ఆడా మగా అందరూ చీపుళ్ళతో బురద తోస్తున్నారు. ప్రతి గుమ్మం పక్కనా మూత పెట్టిన బకెట్ ఒకటి ఉంది. ఇంట్లోకొచ్చిన నీళ్ళలో ఒక బకెట్ తీసి ఉంచాలి, బీమా సర్వేయరు వచ్చేదాకా పారబొయ్యకూడదు. ఆ ఊళ్ళో నీళ్ళకి వచ్చిన దారి గుర్తుంటుంది. చెంబెడు నేలమీద పోసి "వచ్చిన దారిన వెళ్ళు" అంటే చాలు, ఎలా వచ్చాయో అలాగే బయల్దేరతాయి. సర్వేయరు వెనకాల నడిచి చూసుకుంటాడు.

మరి ఇంట్లో నీళ్ళన్నిట్నీ అలాగే పంపేస్తే పీడా పోతుంది కదా అంటారేమో. పోయి ఎక్కడ పడతాయండీ? పక్కింటి మీదుగా వచ్చినవి పక్కింట్లోకే పోతాయి. అందుకని చెంబెడుకి మించి ఎవరూ పంపరు. పొద్దున్న లేస్తే ముఖముఖాలు చూసుకోవాల్సినవాళ్ళం, ఆమాత్రం ఉండద్దూ?

టైలరమ్మ ఇల్లు మిగతావాటికన్నా ఎక్కువ దెబ్బతింది. వానలో అందరూ బడి మేడెక్కి తలదాచుకుని తిరిగొచ్చేసరికి ముందుగదిలో మోకాలి లోతు నీళ్ళు. ఆ గదే ఆవిడ దుకాణం. కుట్టు మిషన్లు తుప్పెక్కాయి, బడిపిల్లల యూనిఫారాల బట్ట బురదయింది, గోడలు బొబ్బలెక్కాయి, నేల కుంగింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. మళ్ళీ కట్టించుకునే తాహతు వాళ్ళకి లేదు. బీమా వస్తే ఇల్లు నిలుస్తుంది, రాకపోతే వచ్చినకాడికి అమ్ముకుని అద్దెకొంపకి పోవడమే.

ఆ బీమా అమ్మింది సొంత మరిదే. పక్కింట్లోనే తల్లితో ఉంటాడు. ఎవరేం అడిగినా "నాదీ హామీ" అంటాడు కాబట్టి వీధంతా అతన్ని హామీ అనే పిలుస్తారు. అతనింట్లోకి మాత్రం చుక్క నీరు రాలేదు.

"ఇంటి బీమా అంటే చీపురుపుల్లకి కూడా బీమానే వదినా" అన్నాడు పాలసీ అంటగట్టిన రోజు. ఇవాళ మాట మారింది.

"పైకప్పులోంచి పడ్డ వానైతే వస్తుంది వదినా. నేలమీద పారొచ్చిన వరదైతే రాదు. అన్నయ్యని పైకెక్కించి నాలుగు పెంకులు తీయించు. పైనుంచే కురిసిందని చెబుదాం."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే కొనేదానివా?"

"సర్వేయరు నీళ్ళని అడిగితే?"

"వచ్చేది మనవాడే, అడగడు. నాదీ హామీ."

టైలరమ్మకి ఒళ్ళు మండింది. కానీ ఇల్లు పోతుందనే భయం ఇంకా పెద్దది. నిచ్చెన తెమ్మని భర్తతో తనే చెప్పింది. అతను నిచ్చెన గోడకి ఆనించేలోపే ఆటో దిగింది సర్వేయరు. మనవాడు కాదు, కొత్తావిడ. నిచ్చెన చూసింది, హామీని చూసింది, లోపలికి నడిచింది.

"ఈ మిషన్లమీద కూలికి కుడతారా?"

"అవునండీ."

"అయితే వ్యాపారం సామాను. ఇంటి పాలసీలో రాదు. ఈ బట్ట?"

"బడివాళ్ళదండీ."

"మీది కానిదానికి మీకెలా ఇస్తారమ్మా? ఆ మూల చెమ్మ పాతది. నెమ్మదిగా పాడైనదానికీ రాదు."

"ఏదీ రాకపోతే మేం కొన్నది బీమానా మేడమ్, గాలా?"

సర్వేయరు ముఖం చిన్నబోయింది. "గోడలకీ నేలకీ వస్తుందమ్మా. పైనుంచి వాన పడినా, ఉన్నట్టుండి పైపు పగిలినా. నీళ్ళని అడుగుదాం, బకెట్ తీయండి."

"ఎందుకండీ శ్రమ! వరదే అని రాసేసుకోండి" అన్నాడు మెకానిక్కు గబగబా.

టైలరమ్మ తెల్లబోయింది. వరద అంటే పైసా రాదని ఇప్పుడే కదా విన్నాడు? ఆవిడ అలా చూస్తుండగానే సర్వేయరు చెంబెడు నీళ్ళు నేలమీద పోసి అడగాల్సింది అడిగింది.

నీళ్ళు కాసేపు నిలబడ్డాయి. గుమ్మం వైపు పోలేదు, గోడెక్కి పైకప్పుకీ పోలేదు. సన్నగా పాయకట్టి, గది దాటి, హామీ ఇంటి వైపు గోడ దగ్గరున్న బీరువా కిందకి దూరాయి.

"బీరువా జరపండి" అంది సర్వేయరు. అన్నదమ్ములిద్దరూ కదల్లేదు. ఆడవాళ్ళే తోశారు. వెనకాల నేల పగిలి ఉంది, లోపల పైపు. హామీ పోయినేడు తన పెరడు ఎత్తు చేసి సిమెంటు చేయించాడు. అక్కడ పడ్డ నీళ్ళు వీధి కాలవలోకి పోవాలంటే పెరడంతా తవ్వాలి, అది ఖర్చు. అన్నగారి నేల కిందుగా తెచ్చి వాళ్ళ తూములో కలిపేస్తే దగ్గరదారి. గట్టి వాన పడేసరికి తూము పట్టలేక మొత్తం ఇక్కడ పైకి తన్నింది.

"నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు బీరువా ఇక్కడికి జరిపింది మీరేగా?" అంది టైలరమ్మ.

"తమ్ముడు అడిగితే కాదనలేకపోయానే. చిన్న పైపే కదా అనుకున్నా."

సర్వేయరు నిట్టూర్చింది. "ఇంటాయనకి తెలిసి వేసిన పైపు. మీ పాలసీలో రాదమ్మా. మనవల్ల పక్కవాళ్ళకి జరిగే నష్టానికి కూడా బీమా ఉంటుంది. అది వీరికుంటే మీకు వస్తుంది." హామీ వైపు తిరిగింది. "ఉందా?"

"మా ఇల్లు ఎత్తుమీదుంది కదండీ, నాకెందుకని చేయించలేదు" అన్నాడు హామీ.

సర్వేయరు వెళ్ళిపోయింది. టైలరమ్మకి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఇన్నేళ్ళు మెడలు విరిగేలా కుట్టి నిలబెట్టుకున్న ఇల్లది. కొంగు బిగించి, "ముందు అత్తయ్యని ఇక్కడికి తీసుకురండి" అంది.

టైలరమ్మ మెత్తబడిందనుకున్నారు అన్నదమ్ములిద్దరూ. మంచంలో ఉన్న తల్లిని మంచంతోనే మోసుకొచ్చి, వంటింట్లో కాస్త ఆరిన చోట దించారు. హామీ తనింటికి వెళ్ళిపోయాడు. అప్పుడు టైలరమ్మ ఉబ్బిన గోడమీద అరచెయ్యి ఆనించింది.

"వచ్చిన దారిన వెళ్ళండి. అన్నీ."

గోడల్లోంచి, నేలలోంచి, తాన్లలోంచి నీళ్ళు ఊరి, గదంతా కూడుకుని, ఆ పైపులోకి జారాయి. వీధిలో చీపుళ్ళు ఆగాయి. ఆవిడ మొత్తం పంపేస్తోందని అందరికీ తెలిసింది. ఒక్కరూ వద్దనలేదు, తర్వాత ఒక్కరూ ఆవిడ గుమ్మం వైపు చూడలేదు. పక్కింట్లో హామీ కేకలు మొదలయ్యాయి.

"నీకేమైనా పిచ్చా? వాడు నా తమ్ముడే!" అన్నాడు మెకానిక్కు.

"నేనెవర్ని?"

అతను బకెట్ పట్టుకుని తమ్ముడింటికి పరిగెత్తాడు.

పొద్దుగూకేసరికి గోడలు గట్టిపడ్డాయి. మిషన్ల తుప్పూ, బట్టమీది బురదా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇల్లు మాత్రం అమ్ముకోనక్కర్లేదు. టైలరమ్మ పొయ్యి వెలిగించింది.

"పెద్దాడు ఇంకా రాలేదేమే?" అంది అత్తగారు.

"అక్కడ నీళ్ళు తోడుతున్నారు."

ముసలావిడ గోడకేసి చూసింది. "ఆ పైపు వేసేటప్పుడు నేనూ చూశానే. నీకు చెబుదామనే అనుకున్నాను."

టైలరమ్మ ఇద్దరికి సరిపడా వండి, ఒక కంచం ఆవిడ చేతికిచ్చి, వెళ్ళి వీధితలుపు గడియ పెట్టింది.